శిశువిద్యలో యోగ్యతాపత్రం: కాగితానికీ కూలికీ మధ్య

శిశువిద్యకు చరిత్ర రాయమంటే మన విద్యావేత్తలకు ఫ్రోబెల్‌తో మొదలుపెట్టి మాంటిసోరితో ముగించడం అలవాటు. సిద్ధాంతాల చరిత్ర అలా రాయవచ్చు. కాని ముప్పైమంది మూడేళ్ల పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి, ముక్కులు తుడిచి, పాట నేర్పి, అన్నం పెట్టి, నిద్రపుచ్చి, సాయంత్రానికి తల్లులకు అప్పగించే మనిషి ఆ చరిత్రలో ఎక్కడా కనబడదు. ఆ పనికి ఆమెకు యోగ్యత ఉందని ఎవరు నిర్ణయించారు? నిర్ణయించి ఆమె చేతికి ఏ కాగితం ఇచ్చారు? ఆ కాగితానికి ఎంత విలువ కట్టారు? ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్నది ఇదే.

నేను విశాఖపట్నంలో టీచరుగా పనిచేస్తూ నడివయస్సులో దూరవిద్య ద్వారా శిశువిద్యలో సర్టిఫికెట్టు సంపాదించుకున్నదాన్ని. ఆదివారం తరగతుల్లో నా పక్కన కూర్చున్నవాళ్లు ఎక్కువమంది గాజువాక, పెదగంట్యాడ, మల్కాపురం నుంచి వచ్చిన అంగన్‌వాడీ కార్యకర్తలు. అందువల్ల ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది. దాన్ని దాచుకోను.

విశాఖ కార్మిక నగరం. 1933లో రేవు తెరిచారు. 1941లో సింధియా కంపెనీవారు నౌకా నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించారు. 1948 మార్చి 14న నెహ్రూ సమక్షంలో ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది. ఇదంతా మనం గర్వంగా చెప్పుకుంటాం. అదే 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చిందనీ, దాని 48వ సెక్షనులో మన విషయానికి సంబంధించిన ముఖ్యమైన మాట ఒకటి ఉందనీ మాత్రం చెప్పుకోం. ఏభైమందికి మించి స్త్రీలు పనిచేసే ప్రతి కార్ఖానాలోనూ వారి ఆరేళ్ల లోపు పిల్లల కోసం గది ఏర్పాటు చేయాలి. ఆ గదిని పిల్లల సంరక్షణలో శిక్షణ పొందిన స్త్రీల అజమాయిషీలో ఉంచాలి. 1976లో చట్టాన్ని సవరించి ఏభైని ముప్పై చేశారు.

‘శిక్షణ పొందిన’ అన్న ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పిల్లల్ని సాకడం ఆడదానికి పుట్టుకతో అబ్బే విద్య అని మన సంఘం తరతరాలుగా నమ్మింది. చట్టం ఆ నమ్మకాన్ని పక్కకు నెట్టి, శిక్షణ కావాలన్నది. శిక్షణ ఉంటే దానికి యోగ్యతాపత్రం ఉంటుంది. యోగ్యతాపత్రం ఉంటే ఉద్యోగం ఉంటుంది. ఉద్యోగం ఉంటే జీతానికి ఒక స్కేలు ఉంటుంది. తర్కం ఇలా సాగవలసింది. సాగలేదు.

ఎందుకు సాగలేదో తెలుసుకోవడానికి విశాఖను మించిన చోటు లేదు. రేవులోనూ షిప్‌యార్డులోనూ హాజరు పుస్తకం నిండా మగవాళ్లే. వాళ్ల ఆడవాళ్లు పనిచేయలేదా? జాలరిపేట స్త్రీలు తెల్లవారకముందే రేవులో చేపల వేలానికి వెళ్లారు. ఇళ్ల కట్టుబడిలో ఇటుకలు మోశారు. ఆఫీసర్ల బంగళాల్లో అంట్లు తోమారు. వీళ్లెవరూ ఏ కార్ఖానా లెక్కలోకీ వచ్చే ఏభైమందిలో లేరు, తరవాత ముప్పైమందిలోనూ లేరు. కనుక చట్టం ఈ నగరంలో పనిచేసే తల్లిని తాకకుండానే పోయింది. రేవు కార్మికుడికి కూడా పిల్లలుంటారనీ, ఆ పిల్లల పోషణ బాధ్యతలో యజమానికి భాగం ఉందనీ ఆ చట్టం ఒప్పుకోలేదు. మగా ఆడా కలిపి ఏభైమంది ఉన్న ప్రతి సంస్థా శిశుగృహం పెట్టాలన్న నియమం రావడానికి 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించేదాకా ఆగవలసివచ్చింది. డెబ్భై ఏళ్లకు ఒక్క ఏడాది తక్కువ!

ఇక మాంటిసోరి సంగతి. నేడు విశాఖలో ఏ సందులోకి వెళ్లినా ఆ పేరుతో ఒక బోర్డు కనబడుతుంది. బోర్డు వెనక ఇంగ్లీషు పద్యాలు, మెడకు టై, తండ్రి నెల జీతంలో పెద్ద ముక్క కొరికే ఫీజు. కాని 1907 జనవరిలో మారియా మాంటిసోరి తన మొదటి ‘పిల్లల ఇల్లు’ తెరిచింది రోము నగరంలో సాన్ లొరెంజో అనే కూలివాడలో. తల్లిదండ్రులు పనికిపోతే బడి ఈడు రాని పిల్లలు మెట్లమీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని ఆ ఇళ్ల యజమానులైన కంపెనీవారు ఆలోచించారు. గోడలకు మరమ్మతు చేయించడం కన్నా పిల్లలకొక గది ఇవ్వడం చౌక అని లెక్క తేలింది. ప్రపంచ ప్రసిద్ధమైన ఒక విద్యా పద్ధతి ఈ లెక్కలోంచి పుట్టిందంటే దాని గొప్పతనానికి లోటేమీ లేదు. ఆ పద్ధతి ఎవరి పిల్లల మధ్య పుట్టిందో గుర్తుంచుకోవాలి, అంతే.

ఆమె 1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజంవారి ఆహ్వానం మీద మద్రాసు చేరి, అడయారులో ఉపాధ్యాయ శిక్షణ తరగతి ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచీ సుమారు మూడువందలమంది వచ్చారు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగగానే ఆమె కుమారుడు మారియోను శత్రుదేశపు పౌరుడని బ్రిటిషు ప్రభుత్వం నిర్బంధించింది. ఆమె డెబ్భయ్యవ పుట్టినరోజుకు విడుదల చేసింది. ఆ తరగతిలో చదివి పత్రం పుచ్చుకున్నవారి శ్రద్ధను నేను శంకించను. కాని నెలల తరబడి అడయారులో ఉండి చదువుకోగలిగినవారు ఎవరు? ఆ పద్ధతికి కావలసిన చెక్క సామాను కొనగలిగిన బడి ఏది? కూలివాడలో పుట్టిన విద్య మన దేశానికి వచ్చేసరికి పై తరగతి ముంగిట దిగింది. మనకు యోగ్యతాపత్రం మొదట ఆ గుమ్మంలోంచే పరిచయమైంది.

దీనికి ఎదురుగా మరొక దారి లేకపోలేదు. గుజరాతులో గిజుభాయి బధేకా వకీలు వృత్తి వదిలి 1920లో భావనగరంలో బాలమందిరం పెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో ఠాణా జిల్లాలోని బోర్డి గ్రామానికి తరలివెళ్లారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. ఆ ఏడాదే ఆ ప్రాంతంలో వార్లీ గిరిజనులు వెట్టిచాకిరీకి వ్యతిరేకంగా కిసాన్ సభ నాయకత్వంలో తిరగబడ్డారు. రెండు సంఘటనలకూ కార్యకారణ సంబంధం ఉందని నేను అనను. కాని ఒకే నేలమీద ఒకే ఏడాది పెద్దలు కూలి కోసం, పిల్లలు బడి కోసం లేచి నిలబడ్డారన్నది చరిత్ర విద్యార్థులు గమనించవలసిన విషయం. ఈ ఉపాధ్యాయినులు పిల్లలు బడికి రాకపోతే బడినే పిల్లల వాకిళ్లలోకి తీసుకుపోయారు. విదేశీ సామాను బదులు గింజలు, గవ్వలు, రాళ్లు, ఆకులు వాడారు. ‘అంగన్‌వాడీ’ అన్న మాట తారాబాయి పెట్టిందే. అంగణమంటే వాకిలి. తెలుగులో ‘వాకిటి బడి’ అని హాయిగా అనుకోగలిగిన మాటను మనం అర్థం తెలియకుండానే అలవాటు చేసుకున్నాం.

తెలుగువారి వంతు వచ్చేసరికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు చెప్పకుండా అడుగు ముందుకు పడదు. 1909లో రాజమండ్రిలో పుట్టి, బాల్య వివాహాన్ని కాదని బయటికి వచ్చి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి, ఆ తరవాత చదువు మొదలుపెట్టిన మనిషి ఆమె. మెట్రిక్ ప్రైవేటుగా బెనారసు విశ్వవిద్యాలయం నుంచి పాసయ్యారు. బి.ఏ. ఆనర్సుకు వాల్తేరు వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు వసతిగృహం లేదు కనుక చేర్చుకోవడం కష్టమని చెబితే, పత్రికలో ప్రకటన ఇచ్చి, చదవదలచిన ఆడపిల్లలను తానే కూడగట్టుకుని వసతి ఏర్పాటు చేయించిన సంగతి ఆమె తన జ్ఞాపకాలలో చెప్పుకున్నారు. వాల్తేరు కొండమీద స్త్రీల చదువు ఎవరి దయవల్లా రాలేదని మన విద్యార్థినులు తెలుసుకోవాలి.

తాను నడిచిన దారిని ఆమె మరచిపోలేదు. చిన్నప్పుడు చదువు తప్పిపోయిన ఆడవాళ్లకు రెండేళ్లలో మెట్రిక్ చెప్పించవచ్చునని మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ద్వారా చేసి చూపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యాక, 1958లో ఆ అనుభవాన్నే దేశమంతటికీ పథకంగా మార్చారు. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, పేదరికం వల్ల నాలుగైదు తరగతుల దగ్గర ఆగిపోయినవాళ్లు చదువు ముగించుకుని నర్సులు, గ్రామసేవికలు, బాలసేవికలు కావడానికి ఆ సంగ్రహ విద్యా తరగతులు దారి తెరిచాయి. గ్రామాలలో బోర్డు బాలవాడీలు నడిపింది. మూడవ పంచవర్ష ప్రణాళిక కాలంలో భారత శిశు సంక్షేమ మండలి బాలసేవికలకు ఏడాదికి దగ్గరైన శిక్షణ ప్రారంభించింది. ఏడాది! ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు పనికివస్తుంది.

దుర్గాబాయి చేసిన పనిని మెచ్చుకోకుండా ఉండడం అన్యాయం. సంస్థానాధీశుల దాతృత్వంతోనూ మిషనరీల కరుణతోనూ నడుస్తూ వచ్చిన స్త్రీ విద్యను ఆమె ప్రభుత్వ బడ్జెట్టులోకి తెచ్చారు. కాని ‘సేవిక’ అన్న ఆ మాట ఉంది చూశారా, దానితోనే నాకు తగాదా. అదే 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. ఫిట్టరు, వెల్డరు, టర్నరు శిక్షణకు కాలపరిమితి, పరీక్ష, సర్టిఫికెట్టు ఏర్పడ్డాయి. ఆ కుర్రవాణ్ణి ఎవరూ ‘ఇనుప సేవకుడు’ అనలేదు. అతనిది వృత్తి. బాలసేవికది సేవ. వృత్తికి కూలి ఇస్తారు. సేవకు గౌరవం ఇస్తారు. తరవాత ఆ గౌరవాన్నే వేతనానికి ముందు తగిలించి ‘గౌరవ వేతనం’ అన్నారు.

1966 జూన్‌లో కొఠారీ కమిషన్ నివేదిక వచ్చింది. ఎంతో మెచ్చదగిన ఆ నివేదికలో కూడా బడికి ముందు చదువును ప్రధానంగా ప్రైవేటువారికే వదలాలని ఉంది. ఆ ఏడాదే విశాఖ వీధులలో ఉక్కు ఉద్యమం. నవంబరు 1న జరిగిన కాల్పులూ, ఆంధ్రదేశమంతటా పోయిన ముప్పై రెండు ప్రాణాలూ మనకు తెలిసినవే. కర్మాగారం ప్రభుత్వ రంగంలోనే రావాలని ప్రాణాలిచ్చిన నాడు, పసిపిల్లల బడి ప్రభుత్వ బాధ్యత కాదన్న సిఫార్సు మీద మన అభ్యుదయవాదులు ఎంత చర్చించారు? నాకు తెలిసినంతలో అది మన వేదికలమీద పెద్ద విషయం కాలేదు. ఉక్కు మగవాడి సమస్య, ఉయ్యాల ఆడదాని సమస్య అన్న విభజనను మనమూ మౌనంగా అంగీకరించాం.

1971లో ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. అరవై నాలుగు గ్రామాల భూములు పోయాయి. 1975 అక్టోబరు 2న ఆమె ప్రభుత్వమే దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని ప్రారంభించింది. అంగన్‌వాడీ కార్యకర్తకు మెట్రిక్ ఉంటే నెలకు 150 రూపాయలు, లేకపోతే 100, సహాయకురాలికి 35. ఈ పథకం క్రమంగా ప్రపంచంలోనే పెద్దదైన శిశు సంక్షేమ కార్యక్రమాలలో ఒకటయింది. కార్యకర్త సంఖ్య పెరిగినకొద్దీ ఆమె చదువు తగ్గింది. మొదట నెలల లెక్కన ఉన్న ఉద్యోగ శిక్షణ దశలవారీగా కుదించుకుపోయి 26 రోజులకు దిగింది. 2023లో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ పేరుతో, అంటే పోషణతోపాటు చదువు కూడా అని, ఆమె మీద బడి బాధ్యతను మళ్లీ గట్టిగా మోపినప్పుడు అందుకు కేటాయించిన శిక్షణ మూడు రోజులు. బాలసేవిక ఏడాదికీ ఈ మూడు రోజులకూ మధ్య అరవై ఏళ్ల పురోగతి ఉంది!

మా ఆదివారం తరగతిలో పద్దెనిమిదేళ్లు అంగన్‌వాడీ నడిపిన ఒకామె ఉండేది. వాళ్లది ఉక్కు కర్మాగారానికి భూమి పోయిన కుటుంబం. పునరావాస కాలనీలో ఉండేవారు. ఆమె మరిది ఐటీఐ ఫిట్టరు. రెండేళ్ల ఆ సర్టిఫికెట్టుతో కర్మాగారంలో చేరాడు. ఆ కాగితం ఖరీదు ఏ గ్రేడులో ఎంతో ఆమెకు రూపాయలతో సహా తెలుసు. ఒక పిల్లవాణ్ణి వారం రోజులు గమనించి రాయమని మాకు అభ్యాసం ఇచ్చారు. నేను పియాజె దశలు వరసగా పేర్చి నాలుగు పేజీలు రాశాను. ఆమె ఒక పేజీ రాసింది. వాళ్ల కేంద్రంలో ఒక కుర్రవాడు అన్నం సగం తిని సగం జేబులో పెట్టుకుంటాడు, మొదట దొంగతనమనుకున్నారట, నాలుగో రోజున తెలిసింది, ఇంటిదగ్గర చెల్లెలి కోసమని. వాడికి పూర్తి, సగం, ‘ఇద్దరికి సమానం’ అన్న లెక్కలు వచ్చునని ఆమె చివర రాసింది. పరిశీలన అంటే ఇదే. మార్కులు నాకు ఎక్కువ వచ్చాయి. పాఠాలు ఇంగ్లీషులోనే వచ్చేవి. అనువాదమని కొన్నాళ్లకు ఇచ్చిన తెలుగు, ఇంగ్లీషు కన్నా కష్టంగా ఉండేది. ఆమె రెండోసారి పరీక్ష రాసి గట్టెక్కింది. సర్టిఫికెట్టు చూపిస్తే పైఅధికారి బాగుందన్నాడట. అంతకుమించి ఏమీ మారలేదు, ఒక్క రూపాయి కూడా.

ఇక న్యాయస్థానాల వైపు చూద్దాం. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న కేసే, పద్నాలుగేళ్లు వచ్చేవరకు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. పద్నాలుగు వరకు అన్నదేకాని ఎక్కడినుంచి అనలేదు. మూడేళ్ల పిల్ల కూడా ఆ తలుపులోంచి రావచ్చు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆ తలుపు మూసింది. ఆరు నుంచి పద్నాలుగు వరకు హక్కు. ఆరుకు లోపు, రాజ్యం ప్రయత్నించవలసిన ఆదేశ సూత్రం మాత్రమే. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షను కూడా ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అన్నది కాని ‘చేయాలి’ అనలేదు. బిడ్డకు హక్కు లేనిచోట టీచరుకు పోస్టు ఉండదు. శిశువిద్యా సర్టిఫికెట్టు చెల్లని నోటుగా ఎందుకు మిగిలిందంటే నేను చూపే మొదటి కారణం ఇది.

2006లో అమీర్బీ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ సివిల్ పోస్టులలో ఉన్నవారు కారని సుప్రీంకోర్టు తేల్చింది. పదహారేళ్లకు, 2022 ఏప్రిల్ 25న, గుజరాతు నుంచి వచ్చిన గ్రాట్యుటీ కేసులో అదే కోర్టు మరో మాట చెప్పింది: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఈ కేంద్రాలలో జరుగుతున్నది విద్యాకార్యక్రమమే, అక్కడ బోధన చేస్తున్నవారు వీరే, కనుక గ్రాట్యుటీ చట్టం వీరికి వర్తిస్తుంది. చేస్తున్న పనికి సరైన పేరు దొరకడానికి నలభై ఏడేళ్లు పట్టింది.

పేరు దొరికిన ఏడాదిన్నరకు మన రాష్ట్రంలో సమ్మె. 2023 డిసెంబరు 12న మొదలై 2024 జనవరి 22 వరకు, నలభై రెండు రోజులు. అప్పటికి కార్యకర్తకు 11,500, సహాయకురాలికి 7,000 రూపాయలు ఇస్తున్నారు. వేతనం పెంచాలనీ, సుప్రీంకోర్టు చెప్పిన గ్రాట్యుటీ అమలుచేయాలనీ వారు అడిగారు. ప్రభుత్వం ఒకవైపు జనవరి 6న అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. అంతకుముందే కేంద్రాల తాళాలు పగలగొట్టించి సచివాలయ ఉద్యోగులతో నడిపించబోయింది. ఈ రెండు పనులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈమె పని ఆగితే సమాజం నడవదని మొదటిది చెబుతోంది. ఈమె పని ఎవరైనా చేయగలరని రెండవది చెబుతోంది. సర్వే చేసే గుమాస్తాను పిల్లల మధ్య కూర్చోబెడితే సరిపోయేటట్లయితే, శిక్షణ ఎందుకు, సర్టిఫికెట్టు ఎందుకు?

అయినా సర్టిఫికెట్టు వస్తోంది. 2020 నూతన విద్యావిధానం ప్రకారం ఇంటర్మీడియెట్ చదివిన కార్యకర్తలు ఆరు నెలల సర్టిఫికెట్టు కోర్సు, అంతకు తక్కువ చదివినవారు ఏడాది డిప్లొమా పూర్తిచేయాలి. పాఠాలు టీవీ ద్వారా, సెల్‌ఫోను ద్వారా. ఉన్న పనికి పెద్దగా అంతరాయం లేకుండా. అంతరాయం లేకుండా అంటే అర్థం మా ఆదివారం తరగతి మిత్రులకు బాగా తెలుసు. తూకాలు, సరుకుల లెక్కలు, 2021 నుంచి వచ్చిపడిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదులు, ఇంటి వంట అన్నీ ముగిశాక, రాత్రి పదిగంటలకు అదే ఫోనులో పియాజె.

చదువును నేను వ్యతిరేకించడం లేదు. ఆమె చదవాలి, పగటివేళ, పని వేళల్లో, తెలుగులో, చేతికింద పిల్లలుండగా చదవాలి. మన్యంలో అయితే కువి మాట్లాడే పిల్లల మధ్య కువిలోనూ చదవాలి. నా అభ్యంతరం వేరు. విద్యావిధాన పత్రం దీర్ఘకాలంలో శిశువిద్యకు వృత్తి శిక్షణ పొందిన ఉపాధ్యాయుల కేడరును రాష్ట్రాలు తయారుచేస్తాయంటుంది. ప్రస్తుతం పనిచేస్తున్నవారికి సర్టిఫికెట్టు, రాబోయేవారికి కేడరు. ఆ కేడరు ఏర్పడే రోజున నేటి సర్టిఫికెట్టు అందులోకి మెట్టు అవుతుందా, లేక ‘మీరు పాత పథకంవారు’ అని బయట నిలబెట్టే గీత అవుతుందా? ఈ ప్రశ్నను గట్టిగా అడగవలసినవారు అంగన్‌వాడీ సంఘాలవారు మాత్రమే కాదు. ఒకటవ తరగతి పిల్లవాణ్ణి వారి చేతుల్లోంచి అందుకునే మన ఉపాధ్యాయ సంఘాలవారు కూడా. స్కేళ్ల కోసం మనం ఇచ్చే వినతిపత్రాలలో సెకండరీ గ్రేడు టీచరు కింద ఇంకొక వరస చేర్చి, దాని ఎదురుగా ‘శిశువిద్య ఉపాధ్యాయిని, సర్టిఫికెట్టు కలవారు’ అని రాసి, పక్కన ఒక అంకె వేయడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అవసరం లేదు. రాబోయే మహాసభల తీర్మానాల ముసాయిదాలో అది వేయవచ్చు.